కల్లం దగ్గర వైరు చుట్ట

నల్లగుంటపాలెం హైస్కూలుకి ఇంటర్నెట్టు ఊరికే రాలేదు. లెక్కల టీచరు జ్ఞానప్రసూనాంబ రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగితే వచ్చింది. ఆవిడ పొన్నూరులో పురోహితుల ఇంట పుట్టిన మనిషి. వాళ్ల నాన్నగారు మంత్రం ఎంత స్పష్టంగా చదివేవారో, ఈవిడ అర్జీ అంత స్పష్టంగా రాస్తుంది. కోపం కూడా అంత స్పష్టంగానే వస్తుంది. మండలాఫీసు మెట్లమీద ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే గుమాస్తాలు టీ తాగడానికి లేచిపోయేవారని ఊళ్లో చెప్పుకుంటారు. అందులో కల్పించిందేమీ లేదు.

ఆ ఊళ్లో ఫోనులో మాట వినిపిస్తుంది, మెసేజీ వస్తుంది, అంతకుమించి ఏదీ రాదు. ఇంకేదైనా తెరవాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఎక్కినా తెరమీద చక్రం తిరుగుతూ ఉంటుంది, మనం దిగొచ్చినా అది తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోటికి మెయిన్ రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్లు కేబుల్ లాగాలి. కాంట్రాక్టరు తెచ్చిన స్తంభాలు నాలుగు కిలోమీటర్లకే అయిపోయాయి. మిగతావి వచ్చే విడతలో వేస్తామన్నాడు. ఆ విడత ఈ జన్మకి రాదని ప్రసూనాంబకి తెలుసు. లైన్‌మన్ సుభానీని వెంటబెట్టుకుని ఆవిడే పొలాలమ్మట నడిచింది. ఒకచోట మోటారు షెడ్డుకి, ఒకచోట వేపచెట్టుకి, ఒకచోట ఎవరిదో ప్రహరీగోడకి కట్టించుకుంటూ వచ్చి, చివరికి వెంకయ్య కల్లం దగ్గర ఆగింది. అక్కణ్ణించి బడి కనిపిస్తూనే ఉంటుంది గానీ మధ్యలో కట్టడానికి ఏమీ లేదు.

వెంకయ్య నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. అతని కూతురు కోటేశ్వరి ఆ బడిలోనే పదో తరగతి.

"నా కూతురు చదివే బడికే గదండీ. కల్లం మీదుగా లాక్కోండి, కర్ర నేను పాతిస్తా," అన్నాడు. అన్నట్టే సాయంత్రానికి మంచి సరుగుడు కర్ర తెచ్చి నిలబెట్టాడు. ఎవరి చేతా రెండోసారి చెప్పించుకోలేదు, ఎవర్నీ సాయం అడగలేదు.

ఆ కర్రకే సుభానీ ముప్పై గజాల నల్లవైరుని చుట్టగా చుట్టి తగిలించాడు. రేపు ఎక్కడైనా తెగితే లాగి అతకడానికి అంత వదులు ఉండాలట. చూడ్డానికి అది పని అయిపోయాక మిగిలిన ముక్కలా ఉంటుంది గానీ, లైను ఆ చుట్టలోంచే బడికి పోతుంది. చిక్కేమిటంటే, ఆ పల్లెల్లో ప్రతి మోటారు షెడ్డు గుంజకీ మిగిలిపోయిన వైరు అచ్చం అలాగే చుట్టి వేలాడుతుంటుంది. కట్టుకి తాడు కావలసినవాడు వచ్చి ఓ బారెడు కోసుకుపోతాడు. అడిగేదీ లేదు, కాదనేదీ లేదు. సంక్రాంతి వెళ్లాక ఎవరో మహానుభావుడు మెయిన్ రోడ్డు దగ్గరున్న చుట్టలోంచి ఇలాగే రెండు బారలు కోసి గేదెని కట్టేసుకున్నాడు. సుభానీ వచ్చి గంటలో అతికి వెళ్లాడు. ప్రసూనాంబకి మాత్రం వారం రోజులు ఆ కోపం దిగలేదు. పదో తరగతి వాళ్లందరినీ కల్లం దగ్గరికి తీసుకొచ్చి, ఆ చుట్ట చూపించి పాఠం చెప్పింది.

"ఇది తాడు కాదు. దీని లోపల వెంట్రుకంత సన్నటి గాజుపోగు ఉంటుంది. అందులో వెలుగు పరుగెడుతుంది. మీరు కంప్యూటర్లో చూసేదంతా ఆ వెలుగే. ఇళ్లకెళ్లి మీవాళ్లకి చెప్పండి."

"మా కల్లం మీదుగా వెలుగు పోతోందన్నమాట," అని కోటేశ్వరి నవ్వింది. ఆ పిల్ల అంత తేలిగ్గా నవ్వే రకం కాదు కాబట్టి ప్రసూనాంబకి అది గుర్తుండిపోయింది.

నెట్టు వచ్చాక దానికి ముందు అలవాటు పడింది పిల్లలు కాదు, ఆఫీసు. పొద్దున్నే హాజరుకి టీచర్ల మొహాలు పంపాలి, పదింటికి మరుగుదొడ్ల ఫోటోలు పంపాలి, పన్నెండింటికి మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటో తియ్యాలి. పిల్లవాడు గుడ్డు తిన్నాడా లేదా అన్నది తర్వాత సంగతి, గుడ్డు ఫోటోలో పడిందా లేదా అన్నది ముందు. కంప్యూటర్లకి పసుపు కుంకుమ పెట్టి, కవర్లు తొడిగి, గదికి తాళం వేసి ఆ తాళంచెవి హెడ్మాస్టరు జేబులో వేసుకున్నాడు. ప్రసూనాంబ ఆయనతో నాలుగు రోజులు మాటలు మానేసింది. ఐదో రోజు తాళంచెవి ఆవిడ బల్లమీద ఉంది. అప్పట్నించి మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా గది పిల్లలది.

ఆ గదిలో జరిగిన మొదటి అసలైన పని గురుకుల కాలేజీ పరీక్షకి దరఖాస్తులు పెట్టడం. ఆ కాలేజీలో సీటు వస్తే ఇంటర్ రెండేళ్లూ చదువూ హాస్టలూ ఉచితం. నల్లగుంటపాలెం నుంచి కాలేజీ ఉన్న ఊరికి బస్సు లేదు. మగపిల్లలు ఎలాగో లారీలెక్కి పోతారు. ఆడపిల్లలకి పదో తరగతితో పుస్తకం మూతపడుతుంది, మర్నాటి నుంచి కాయ కోతలకి పోతారు. కోటేశ్వరి విషయంలో వెంకయ్య దాపరికం లేకుండా చెప్పాడు.

"సీటొస్తే ఎంత దూరమైనా పంపుతానండీ. రాకపోతే మాత్రం నా వల్ల గాదు. పోయినేడు కాయంతా నల్ల తామర పురుగు తినేసింది. మీకు తెలీందేముంది."

కిందటేడు పిల్లలు చిలకలూరిపేటలో నెట్ సెంటరుకి పోయి దరఖాస్తులు పెట్టుకున్నారు. ఆ సెంటరువాడు అందరికీ తన ఫోను నంబరే వేసుకున్నాడు. హాల్ టికెట్ కబురు అతని ఫోనుకి వచ్చింది, అతను చూసుకోలేదు, ముగ్గురు పిల్లలు పరీక్షే రాయలేకపోయారు. అందుకని ఈసారి ప్రసూనాంబ గట్టిగా చెప్పింది. ఎవరూ పేట పోనక్కర్లేదు. ఎవరింటి నంబరు వాళ్లదే వెయ్యాలి. మీట నొక్కేది కూడా పిల్లల వేలే కావాలి. మొదటిరోజునే తొమ్మిది మంది పేర్లూ వాళ్ల నాన్నల ఫోను నంబర్లతో నమోదు చేయించింది. ఆ తర్వాత ఫోటో పెట్టి, సంతకం పెట్టి, దరఖాస్తు నింపి, ఇంటి ఫోనుకి వచ్చే ఓటీపీ కొడితే పని పూర్తవుతుంది. వారంలో ఎనిమిది మందివి పూర్తయ్యాయి.

తొమ్మిదోది కోటేశ్వరిది. ఆ పిల్ల వారం రోజులుగా బడికి రాలేదు. రెండో కోత జోరుమీదుంది, కూలీలు దొరకడం లేదు, ఇంట్లో ఉన్న ముగ్గురూ చేలోనే ఉన్నారు. ప్రసూనాంబ రెండుసార్లు కబురు పెట్టింది. చివరికి శివరాత్రి వెళ్లిన మర్నాడు, గడువు ఇంకొక్క రోజే ఉందనగా, తండ్రీ కూతురూ వచ్చారు. గోడకున్న నెట్టు పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది. పిల్ల ఫోటో తెచ్చుకుంది. ఓటీపీ రావలసిన ఫోను వెంకయ్య చొక్కా జేబులోనే ఉంది. ప్రసూనాంబ కుర్చీ లాగి పిల్లని కూర్చోబెట్టింది.

వెంకయ్య గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ అమావాస్య గదండీ."

ప్రసూనాంబ చెయ్యి ఆగింది.

"పిల్ల జీవితానికి మొదలెట్టే పని. అమావాస్యనాడెందుకూ అని. రేపటిదాకా టైముందన్నారుగా."

ఆ మాట ఇంకెవరన్నా అంటే ఆవిడ ఏమనేదో గానీ, లోపల ఎక్కడో వాళ్ల నాన్నగారి గొంతు కూడా వెంకయ్యకి వంతపాడింది. ముప్పయ్యేళ్లుగా లెక్కలు చెబుతోంది, తను మాత్రం అమావాస్యనాడు కొత్త చీర కట్టలేదు, ప్రయాణం కట్టలేదు. పాడ్యమి కూడా అంత గొప్పదేం కాదని ఆవిడకి తెలుసు. అయినా అమావాస్య కంటే నయం అనుకుంది.

"రేపు పదింటికల్లా వచ్చెయ్," అని కంప్యూటరు ఆపేసింది. పచ్చదీపం మాత్రం అలా వెలుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఎండ బాగానే కాసింది. తొమ్మిదిన్నరకి తూర్పున మబ్బు లేచింది. పదయ్యేసరికి గాలి మొదలై, దాని వెనకే వాన దిగింది. మాఘం వెళ్లిన మర్నాడే ఆ వాన ఎవరు రమ్మంటే వచ్చిందో తెలియదు. బడి వరండాలోంచి చూస్తే కల్లాల మీద జనం పట్టాలు పట్టుకుని పరుగులు పెడుతున్నారు. ఎండబోసిన కాయ ఒక్కసారి తడిసిందంటే తాలుకాయైపోతుంది, మిర్చి యార్డులో ఎవడూ దాని మొహం చూడడు. ప్రసూనాంబకి అదంతా తెలుసు. కోటేశ్వరి ఆలస్యంగా వస్తుందని కూడా అనుకుంది. పదింటికే కరెంటు పోయింది గానీ కంప్యూటరు గదికి ఇన్వర్టరు ఉంది. పదీ ఇరవైకి ఆ గదిలోకి వెళ్లి చూస్తే పెట్టె మీద పచ్చదీపం లేదు, ఎర్రది వెలుగుతోంది.

సుభానీకి ఫోను చేస్తే పేటలో ఉన్నానని, గంటలో వస్తానని అన్నాడు. వానలో తడుసుకుంటూ పదకొండున్నరకి వచ్చాడు. పెట్టె చూశాడు, వైరు చివర ఊడదీసి చూశాడు.

"ఎక్కడో తెగింది మేడం. లైన్లో వెలుగు రావట్లేదు."

"ఎక్కడ?"

"మీటరుంటే ఎన్ని మీటర్ల దూరమో చెప్పేస్తది. అది పెద్దాఫీసులో ఉంది. ఆరు కిలోమీటర్లూ కళ్లతో చూసుకుంటా పోవాలి. దొరికితే మాత్రం గంట పని."

"గాలికి తెగిందా?"

"గాలికి తెగే సరుకు గాదు మేడం ఇది. ఎవరో కొట్టుంటారు. పట్టాలు కట్టుకోడానికి తాడు చాలక కొట్టుంటారు."

అంతే. పొద్దుటినుంచి, నిన్నటినుంచి, ఆ మాటకొస్తే రెండేళ్లనుంచి లోపల ఉన్నదంతా ప్రసూనాంబ నోటికి వచ్చేసింది. వరండాలోకి వచ్చి, ఊరు వైపు తిరిగి, ఊరంతటికీ వినపడేటట్టు అరిచింది.

"ఒక్క పిల్ల బాగుపడుతుందంటే చూడలేరు. ఎవరు కోశారో గాని, ఆ కోసిన చెయ్యి పడిపోను. తిన్నది అరగక చస్తారు. పేరు తెలియనీ, పోలీసు కేసు పెట్టిస్తాను."

ఆవిడ జన్మలో ఎవర్నీ అంత మాట అనలేదు. అని వెనక్కి తిరిగేసరికి వరండా చివర కోటేశ్వరి నిలబడి ఉంది. నిలువునా తడిసింది, కాళ్లనిండా బురద, పరుగెత్తుకొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"టీచర్," అంది.

"ఇప్పుడా రావడం? పదింటికి రమ్మంటే పన్నెండు చేశావు. నువ్వేం మాట్లాడకు, కూర్చో," అంది ప్రసూనాంబ.

పిల్ల నోరు మూసుకుని గోడవారకి వెళ్లి కూర్చుంది. రెండు చేతులూ ఓణీలో చుట్టేసుకుంది. తడి మిరపకాయలో చేతులు పెడితే మండుతాయి, అందుకే కాబోలనుకుని ప్రసూనాంబ దాని గురించి ఆలోచించలేదు.

సుభానీ మెయిన్ రోడ్డు వైపు నుంచి వెతకడం మొదలుపెట్టాడు. కిందటిసారి గేదెవాడు కోసింది ఆ వైపే కాబట్టి ఈసారీ అక్కడే అయి ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు. బండి బురదలో దిగబడితే నడిచాడు. ఒంటిగంట అయింది. ఒంటిగంటన్నర అయింది. సుభానీ ఫోను చేసి రెండు కిలోమీటర్లు చూశాను, ఏమీ లేదన్నాడు. వాన తగ్గింది గానీ పదింటికి పోయిన కరెంటు మాత్రం ఇంకా రాలేదు.

"సుభానీ అన్నని ఇటునించి చూడమంటే?" అంది కోటేశ్వరి మెల్లగా. "కల్లం వైపు."

"మీ కల్లం దగ్గర ఎవడు కోస్తాడే, మీ నాన్న కాపలా ఉండగా," అంది ప్రసూనాంబ, వాచీ చూసుకుంటూ. పిల్ల మళ్లీ తలవంచుకుంది.

సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. రెండింటికి ప్రసూనాంబ ఇక కూర్చోలేకపోయింది. ఏ నెట్ సెంటరు గడప తొక్కొద్దని పిల్లలకి చెప్పిందో ఆ సెంటరుకే తను బయల్దేరింది. ఆటో మాట్లాడి, కోటేశ్వరిని ఎక్కించుకుని, దోవలో కల్లం దగ్గర ఆపి, దిగకుండానే రోడ్డు మీంచి వెంకయ్యకి కేకేసింది. అతను పట్టా మీద ఎక్కి రాళ్లు సర్దుతున్నాడు.

"వెంకయ్యగారూ, ఫోను దగ్గర పెట్టుకోండి. నంబరొకటి వస్తుంది. నేను ఫోను చేస్తే ఆ నంబరు చదివి చెప్పాలి."

"అట్టాగే టీచరుగారూ, మీరు వెళ్లండి," అన్నాడు వెంకయ్య పైనుంచే.

పేటకి పద్దెనిమిది కిలోమీటర్లు. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ల నుంచి తాటిచెట్టంత ఎత్తు ప్రభ ఒకటి తిరిగొస్తూ రోడ్డుకి అడ్డంగా దిగబడింది, దాని వెనక ట్రాక్టర్లు బారులు తీరాయి. ముప్పావుగంట కదలిక లేదు. ఆ ముప్పావుగంటా ప్రసూనాంబ ఆ వైరు కోసినవాణ్ణి తిడుతూనే ఉంది. వాడికి పిల్లలుంటే వాళ్లకీ ఇలాగే జరగాలంది. పక్కన కూర్చున్న పిల్ల ఒక్కసారి కూడా మాట కలపలేదు. భయపడుతోంది పాపం అనుకుని మధ్యలో దాని భుజం మీద చెయ్యి వేసింది.

నెట్ సెంటర్లో కుర్చీ దొరికేసరికి నాలుగూ పది. కోటేశ్వరి తన వేళ్లతోనే అంతా నింపింది. ఫోటో ఎక్కింది, సంతకం ఎక్కింది. ఓటీపీ పంపించామని తెరమీద పడింది. ప్రసూనాంబ వెంకయ్యకి ఫోను చేసింది.

మీరు ఫోను చేసిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరని వచ్చింది.

మళ్లీ చేసింది. హెడ్మాస్టరుకి చేసింది, సుభానీకి చేసింది, ఆ ఊళ్లో తనకి నంబరు తెలిసిన ప్రతివాళ్లకీ చేసింది. అందరి ఫోన్లోనూ అదే ఆడగొంతు, అదే మాట. కరెంటు పోయి ఆరు గంటలైంది కదా, ఊళ్లో టవరు బ్యాటరీ అయిపోయి ఉంటుందని సెంటరు నడిపే గౌస్ బాషా చెప్పాడు.

"నంబరు మార్చేద్దాం. నాది వెయ్యండి," అంది ప్రసూనాంబ.

"మార్చాలన్నా పాత నంబరుకే ఓటీపీ పోతదమ్మా," అన్నాడు గౌస్ బాషా. అతను కూడా జాలిపడ్డాడు. మళ్లీ పంపు అన్న మీటని ఐదుసార్లు నొక్కారు. ఐదుసార్లూ పంపించామనే వచ్చింది. ఐదింటికి ఆ పేజీ తెల్లగా అయిపోయి, గడువు ముగిసిందని ఒక్క వాక్యం మాత్రం మిగిలింది.

బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ప్రసూనాంబకి ఏడుపు వస్తోంది, కానీ పిల్ల ముందు ఏడవకూడదని కోపం తెచ్చుకుంది. "వాడెవడో నాకు దొరకాలి," అని మళ్లీ మొదలుపెట్టింది.

"నేనే టీచర్."

ప్రసూనాంబకి వెంటనే అర్థం కాలేదు.

"చుట్ట నేనే కొట్టా, గొడ్డలితో. పట్టా ఎగిరిపోతోంది టీచర్. తాడు చాల్లేదు. నాన్న పట్టా అంచు పట్టుకుని దాంతోపాటే లేచిపోతున్నాడు. అమ్మ చేలో ఉంది. ఇంకేం కనపళ్లా నాకు."

"అదేంటో నీకు తెలుసుగా. నేనే చెప్పానుగా."

"తెలుసు టీచర్. తెలిసే కొట్టా. ఈ యేడు కూడా కాయ పోతే నాన్న తట్టుకోలేడు. సుభానీ అన్న గంటలో అతికేస్తాడు గదా, అతికాక దరఖాస్తు పెట్టుకోవచ్చనుకున్నా."

"మరి వచ్చి చెప్పి ఉంటే? అప్పుడు పన్నెండు కూడా కాలేదు. సుభానీ అక్కడే ఉన్నాడు. ఒంటిగంటకల్లా అయిపోయేది. టవరు కూడా అప్పటికి పనిచేస్తోంది. ఎందుకు చెప్పలేదే?"

కోటేశ్వరి ఓణీలోంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండరచేతులూ ఎర్రగా పొంగి ఉన్నాయి.

"చెబుదామనే పరిగెత్తుకొచ్చా టీచర్. అప్పటికే మీరు, కోసిన చెయ్యి పడిపోవాలన్నారు."

నోరు మంచిదైతే ఊరు మంచిదని ప్రసూనాంబకి చిన్నప్పుడు వాళ్లమ్మ వందసార్లు చెప్పింది. వందసార్లూ విని వదిలేసింది. నిన్న తిథి చూసుకుని ఒక రోజు పోగొట్టింది. ఇవాళ నోరు పారేసుకుని రెండోది పోగొట్టింది. వైరు తెగడం వల్ల పోయింది గంట, అంతే. మిగతాదంతా పోయింది తన అరుపు వల్ల. పిల్ల రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ తనే మూయించింది. ఆటోలో తిట్టిన ప్రతి తిట్టూ ఆవిడకి వరసగా గుర్తొచ్చింది. ఆ తిట్లన్నీ పక్కన కూర్చుని విన్న పిల్ల చేతుల వంక చూడలేక రోడ్డు వంక చూసింది.

లేచి, షాపులో కొబ్బరినూనె సీసా కొని, ఆ అరచేతులకి తనే రాసింది. క్షమించమని అడగాలని ఉంది. టీచరు పిల్లని ఎలా అడగాలో ఆవిడకి తెలియలేదు. "మండుతోందా?" అని మాత్రం అడిగింది. కొంచెం అంది కోటేశ్వరి.

పొద్దు గూకుతుండగా ఆటో కల్లం దగ్గర ఆగింది. వెంకయ్య ఎదురొచ్చాడు. అతని మొహంలో అంత సంతోషం ప్రసూనాంబ ఎప్పుడూ చూడలేదు.

"ఒక్క కాయ తడవలా టీచరుగారూ. పక్క కల్లాల్లో సగానికి సగం పోయింది. మాది ఒక్క కాయ తడవలా. అంతా మా కోటేశ్వరి చలవే. తాడు చాలక నేను దిక్కులు చూస్తంటే, ఈ కర్రకి మిగిలిన వైరు చుట్టుందిగా, అది కొట్టుకొచ్చి ఇచ్చింది. కొంచెం మట్టయింది, కడిగి మళ్లా చుట్టి అక్కడే పెట్టేస్తాలెండి."

నల్లవైరు పట్టా చుట్టూ నాలుగు వరసలు బిగించి ఉంది. ప్రసూనాంబ దాన్ని చూసింది, పట్టా కింద ఎత్తుగా పోసి ఉన్న కాయని చూసింది. ఏది తప్పని చెప్పాలో ఆవిడకి తెలియలేదు. కోటేశ్వరి ఆటోలోంచి దిగి తండ్రి పక్కన నిలబడింది.

"దరఖాస్తు అయిందాండీ?" అన్నాడు వెంకయ్య.

ఆవిడ నోరు తెరిచేలోగా కల్లం అవతల మోటారు షెడ్డులో బల్బు వెలిగింది. ఊళ్లో ఎవరింట్లోనో టీవీ మోగింది. రెండు నిమిషాలకి వెంకయ్య నడుం దగ్గర టంగుమని ఒక చప్పుడు, దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. అతను కంగారుగా పంచె మడతలోంచి ఫోను తీశాడు. దానికి రెండు ప్లాస్టిక్ సంచులు చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"మీరు నంబరొస్తదన్నారని పొద్దుపోయిందాకా ఒంటిమీంచి తియ్యలేదండీ. ఎక్కడ తడుస్తదో అని," అంటూ సంచులు విప్పాడు. "ఇదిగో వచ్చినై. ఒకటి గాదు, ఆరున్నై. ఇవేగా మీక్కావాల్సింది?"

"ఇంక అక్కర్లేదు నాన్నా," అంది కోటేశ్వరి.

"ఎందుకక్కర్లేదు? టీచరుగారు చదవమన్నారు," అని వెంకయ్య ఫోను మొహానికి దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి, మొదటి నంబరు చదవడం మొదలుపెట్టాడు. అంకెకి అంకెకి మధ్య ఆగుతున్నాడు, ఆవిడ రాసుకోవడానికి వీలుగా. ఎనిమిది. ఒకటి. సున్నా. నాలుగు. నాలుగు. ఏడు.

అతను తలెత్తి చూశాడు. ప్రసూనాంబ చేతిలో కాగితం లేదు. ఆవిడ సంచీలోంచి పెన్ను తీసి, కోటేశ్వరి ఫోటో పెట్టుకొచ్చిన కవరు వెనక ఆ ఆరంకెలూ రాసింది.

"రెండోది చదవమంటారా?" అన్నాడు వెంకయ్య.

జరిగింది చెప్పాలి. తన నోటి వల్లే జరిగిందని కూడా చెప్పాలి, అందులో పిల్ల పేరు రానివ్వకూడదు. ఆరు నంబర్లూ అయ్యాక చెబుదామనుకుని, చదవండి అంది ప్రసూనాంబ.